గాలి నెల

నమోదు 412

తీగ మామూలుగానే ఉంది, అంటే ఎవరో ఒకరు అరుస్తూనే ఉన్నారు. పుట్టగొడుగుల మళ్ళ దగ్గరి తేమ యంత్రానికి మళ్ళీ నోరు లేచింది. మడిలో తడి ఎంతుందో అప్పుడప్పుడూ చెప్పమంటే ఊపిరి తీసుకోకుండా చెబుతోంది. రెండో సొరంగంలో ఒకాయన పని వేళ సినిమా చూస్తున్నాడు. ఎవరో తెలుసు గానీ రాయను, వాళ్ళ అత్త నాకు ఊరగాయ పంపుతుంది.

నా తర్వాత ఈ కుర్చీలో కూర్చునేవాళ్ళకు ఒక్క మాట. గాలిలో పోయే కబుర్లు రాతిని దాటలేవు కాబట్టి మన దిగువూరికి తీగే దిక్కు. యంత్రాల మాటలన్నీ పొట్లాలుగా ఒకే కూడలి పెట్టెలోంచి పోతాయి. ఆ పెట్టెకు ఒక అద్దం రంధ్రం ఉంది. పోయే ప్రతి పొట్లానికీ నకలు ఒకటి అందులోంచి నా తెర మీద పడుతుంది. ఎవరు పంపారు, ఎవరికి, లోపల ఏముంది, అన్నీ కనిపిస్తాయి. రంగులు వేసుకోవచ్చు, వడకట్టుకోవచ్చు, ఆపి చూసుకోవచ్చు. ఇటు నుంచి అటు మాత్రం చీమ కూడా పోదు. వినేవాళ్ళు మధ్యలో కల్పించుకోకూడదని కట్టినవాళ్ళు అలా కట్టారు. ఊళ్ళో నన్ను చెవులక్క అంటారు. నోరు అక్కర్లేని కొలువు నాకెలా దొరికిందా అని మా ఆయన ఆశ్చర్యం.

ఐదో సొరంగం నుంచి ఐలమ్మ ఫిర్యాదు మళ్ళీ వచ్చింది. అక్కడి గాలి సీసాల కొట్టులో యంత్రాన్ని నేల చెమ్మ తగలకూడదని గోడకు నిలువెత్తున బిగించారు. మీటలు దానికే అతికి ఉన్నాయి. ఐలమ్మ పొట్టిది, సీసాల పెట్టె ఎక్కితే తప్ప అందవు. మా ఆయన కొమురెల్లి కూడా అక్కడే పని చేస్తాడు. మనిషి తాటిచెట్టంత ఉంటాడు కాబట్టి ఆమె చెబుతుంటే ఈయన నొక్కుతాడు. ఆ యంత్రాన్ని కిందికి దించమని పెద్దలకు నేను రాయడం, చెవిటివాడి ముందు శంఖం ఊదడం ఒకటే.

చిట్టాలో సొంత విషయాలు రాయకూడదని నియమం. ఈ ఒక్కటీ రాస్తాను, కడుపులో మాట ఆగడం లేదు. పొద్దున మా పాప పలక మీద పెద్ద గొడవ అయింది. పాప పేరు తొలకరి. తొలకరిని మేమెవరం చూడలేదు, పైన ఎండకు మనిషి నిలిచిన రోజులు మా నాయనమ్మతోనే పోయాయి, అయినా పేరు బాగుందని పెట్టుకున్నాం. పాపకు నేను నాయనమ్మ నేర్పినట్టు అ ఆ ఇ ఈ ఉ ఊ ఋ ౠ ఎ ఏ అని రాయించాను. మా ఆయన వచ్చి ౠ ను తడిబట్టతో తుడిచేశాడు. గుణింతంలో కౄ కూడా తుడిచాడు. వాళ్ళ సొరంగం బడిలో ఆ అక్షరం ఎప్పుడో తీసేశారట.

"గా అచ్చరంతోని ఒక్క మాట చెప్పు, చెరిపింది నేనే మళ్ల రాస్త" అన్నాడు.

ఎంత వెతుక్కున్నా మాట దొరకలేదు. దొరక్కపోతే ఊరుకుంటానా.

"మాట లేకుంటేంది? ఇంట్ల పని చెయ్యని మొగోళ్లకు కంచం పెడ్తలేమా?"

పాప నవ్వింది, ఆయనా నవ్వాడు. నవ్వుతూనే, తుడిచిన అక్షరం తిరిగి రాయకుండానే పనికి పోయాడు. ఇంటికి రానీ, మళ్ళీ రాస్తాను.

నమోదు 413

ఐదో సొరంగం కప్పు కూలింది.

చప్పుడు నాకు వినబడలేదు. తెర మీద చూశాను. ఆ సొరంగం నుంచి వచ్చే పొట్లాలకు నేను పచ్చరంగు వేసుకున్నాను. పచ్చ వరసలన్నీ ఒక్కసారిగా ఆగాయి. కూడలి పెట్టె పాడైందనుకుని లేచేలోగా నాలుగో సొరంగం వైపు నుంచి జనం పరిగెత్తి రావడం వినిపించింది. లోపల పదకొండు మంది ఉన్నారు. అందులో ఐలమ్మ ఉంది. మా ఆయన ఉన్నాడు.

గనిపెద్ద పోశం మామ నా గదికి వచ్చి ఒకటే అడిగాడు, అటు నుంచి ఏమన్నా వస్తోందా అని. అప్పుడే వచ్చింది, ఒక్క పొట్లం. ఐదో సొరంగానికి పోయే తీగలో రెండు గాజు దారాలు ఉంటాయి, మనం చెప్పేదానికి ఒకటి, వాళ్ళు చెప్పేదానికి ఒకటి. మనది తెగింది. వాళ్ళది బతికింది. యంత్రానికి కరెంటు కూడా అందుతోంది, గోడలోని బ్యాటరీ మీద నడుస్తోంది.

వాళ్ళు చెప్పేది మనకు వస్తుందని చెప్పాను. పోశం మామ కళ్ళు మూసుకుని గోడకు దణ్ణం పెట్టాడు. మనం చెప్పేది వాళ్ళకు పోదని ఆ తర్వాత చెప్పాను.

నమోదు 414

వాళ్ళు చెప్పేది వస్తుందన్నాను గానీ, వాళ్ళ యంత్రం ఏమీ చెప్పడం లేదు. అడుగుతోంది అంతే. మన యంత్రాలు మర్యాదస్తులు. ఏ కబురు పంపాలన్నా ముందు "మాట్లాడొచ్చా?" అని అడుగుతాయి. అవతలివాళ్ళు "మాట్లాడు" అంటేనే నోరు విప్పుతాయి. అక్కడ ఎవరో కబురు రాసి పంపుతున్నారు. యంత్రం మాట్లాడొచ్చా అంటుంది. మాట్లాడు అని మనం అన్నది తెగిన దారం దగ్గరే రాలిపోతోంది. రాసిన కబురు అక్కడే ఉండిపోతోంది. పొద్దంతా చూశాను. మాట్లాడొచ్చా, మాట్లాడొచ్చా, మాట్లాడొచ్చా.

ఒక దశలో నాకు మతి పోయింది. నా యంత్రంలోనే "మాట్లాడు, మాట్లాడు, వింటున్న" అని టైపు చేసి అద్దం రంధ్రంలోకి పంపాను. ఎక్కడికీ పోలేదు. పోదని ఊరందరికంటే నాకే బాగా తెలుసు.

తవ్వడానికి రెండు దారులున్నాయి. కూలిన రాళ్ళలోంచి నేరుగా పోయేది దగ్గరి దారి, కానీ కప్పు ఇంకా గొణుగుతోంది, తవ్వేవాళ్ళ మీద మళ్ళీ కూలవచ్చు. నాలుగో సొరంగం వైపు నుంచి గట్టి రాతిని తొలుచుకుంటూ పోయేది రెండోది, అక్కడ ప్రమాదం లేదు గానీ చాలా ఆలస్యం. పోశం మామ దగ్గరి దారే పట్టాడు. ఎవరెవరు వస్తారని అడిగితే పారలు, తట్టలు పట్టుకుని సగం ఊరు నిలబడింది.

పాపకు నాన్న పని మీద ఉన్నాడని చెప్పాను. ఆ పిల్ల పలక పట్టుకుని వచ్చి నా కుర్చీ పక్కన కూర్చుంది.

నమోదు 415

ఇవాళ మాట్లాడొచ్చాలు ఆగిపోయాయి. వాటి బదులు పిలుపులు వస్తున్నాయి.

పిలుపంటే ఏమిటో చెప్పాలి. ఒక యంత్రం ఇంకో యంత్రాన్ని మాట్లాడొచ్చా అని అడగాలన్నా ముందు ఆ నంబరు ఎవరిదో తెలియాలి. అందుకని వీధిలోకి వచ్చి కేక వేసినట్టు అందరికీ వినబడేలా అరుస్తుంది: "ఈ నంబరు ఎవరిది? నాకు చెప్పండి." ఈ ఒక్క పొట్లానికీ ఎవరి అనుమతీ అక్కర్లేదు. జవాబు రాకపోతే మూడుసార్లు అరిచి ఊరుకుంటుంది.

ఐదో సొరంగం యంత్రం ఊళ్ళో లేని నంబర్లను పిలుస్తోంది.

29.3 ఎవరిది? చెప్పండి.
20.12 ఎవరిది? చెప్పండి.
18.1 ఎవరిది? చెప్పండి.

మళ్ళీ అవే మూడు, మళ్ళీ అవే. ఒక్కో పిలుపుకీ మధ్య చాలా ఎడం. యంత్రం దెబ్బతిని పలవరిస్తోందనుకున్నాను. అలా అని నమోదు కూడా చేయబోయాను. అప్పుడు నా కాళ్ళ దగ్గర పాప గుణింతం చదువుతోంది. మూడు పిలుపులు, నా పేరులో అక్షరాలు మూడు.

పలక లాక్కున్నాను. క నుంచి హల్లులు లెక్కపెడితే ఇరవై తొమ్మిదోది వ. దాని గుణింతంలో మూడోది వి. ఇరవయ్యో హల్లు న, నాయనమ్మ నేర్పిన వరసలో పన్నెండో గుణింతం నొ. పద్దెనిమిదోది ద. వినొద.

వినోద అని రాయబోయి దీర్ఘం మింగేశాడు, తొందరలో. ఆ దీర్ఘం లేకుండానే నన్ను అంత బాగా పిలిచినవాళ్ళు లేరు. గదిలో కూర్చుని ఏడ్చాను. పాప భయపడితే నవ్వుతూ ఏడ్చాను.

ఆయనకు ఈ ఉపాయం నేనే చెప్పాను, తెలియకుండానే. అన్నం దగ్గర కూర్చుని తీగ మీద పిలుపులు ఎలా పోతాయో సోది చెబుతుంటే వినట్లేదనుకునేదాన్ని. పప్పులో ఉప్పు తక్కువైందని తప్ప ఆ మనిషి నోటి వెంట ఏనాడూ ఇంకో మాట వచ్చేది కాదు. అన్నీ విన్నాడన్నమాట.

నమోదు 416

మంచి కబురు. కింద పెద్ద అక్షరాలతో రాస్తున్నాను.

3.2, గా. 28.3, లి. 20.9, నె. 28.1, ల.

గాలి నెల.

నెల రోజులకు సరిపడా గాలి ఉంది. కొట్టు నిండా గాలి సీసాలే, అవి పగలలేదన్నమాట. పరిగెత్తి వెళ్ళి పోశం మామకు చెప్పాను. తవ్వేవాళ్ళందరూ ఆగి విన్నారు. అప్పటికే పైనుంచి ఒక బండ జారి ఇద్దరికి దెబ్బలు తగిలాయి, ఒకతని చెయ్యి విరిగింది.

"నెల దినాలా? పక్కానా బిడ్డా?" అన్నాడు పోశం మామ.

"పక్కా మామా. అక్షరాలు నాలుగే. నాలుగూ మళ్ల మళ్ల చూసిన."

ఆయన చేతిలోని పార కింద పెట్టాడు. తర్వాత అందరినీ వెనక్కి రమ్మన్నాడు. నెల గాలి ఉన్నప్పుడు ఇంకొకరి ప్రాణం పెట్టి తవ్వించడం పాపం అన్నాడు. ఎవరూ కాదనలేదు. చెయ్యి విరిగినతని తల్లి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. నాలుగో సొరంగం వైపు నుంచి గట్టి రాతిలో పని మొదలైంది. ఒక్కో అడుగుకీ కర్ర దిమ్మెలు నిలబెట్టుకుంటూ, నిదానంగా, పద్ధతిగా తవ్వుతున్నారు.

ఇవాళ నాకు ఆకలి వేసింది. పాపా నేనూ కలిసి తిన్నాం.

నమోదు 417

మళ్ళ దగ్గరికి వెళ్ళి తేమ యంత్రం నోరు మూయించి వచ్చాను. రెండో సొరంగం సినిమా ఆగిపోయింది, ఆయన కూడా తవ్వడానికి పోయాడు. తీగ ఇంత ప్రశాంతంగా ఎన్నడూ లేదు.

మా ఆయన నుంచి చాలాసేపు ఏమీ లేదు. ఆ తర్వాత 21.2 వచ్చింది, పా. దాని తర్వాత ఇంత ఎడం. 21.1, ప. మళ్ళీ ఎడం. పాప గురించి ఏదో చెప్పబోతున్నాడు. ఒక అక్షరం నొక్కి ఒక కునుకు తీస్తున్నాడేమో. ఇంట్లో కూడా అంతే. మంచం మీంచి లేవమంటే ఒక కాలు కింద పెట్టి, మళ్ళీ పడుకుని, రెండో కాలు పెట్టేసరికి పప్పు ఉడికిపోతుంది. నెల గాలి ఉన్నవాడికి తొందరేముంది.

పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, నాన్న నీ పేరు పిలుస్తున్నాడు చూడు అని తెర మీద చూపించాను. అది అంకెలను వేలితో ముట్టుకుంది.

నమోదు 418

ఇంకో మూడు పిలుపులు వచ్చాయి.

0.8. 11.1. 28.1.

సున్నా అంటే హల్లు లేదు, ఉట్టి అచ్చు. ఎనిమిదో అచ్చు. వేళ్ళ మీద లెక్కపెట్టాను. అ ఆ ఇ ఈ ఉ ఊ ఋ ౠ. ఎనిమిదోది ౠ. తర్వాత ట, ల.

పాప ౠటల.

నవ్వొచ్చింది మొదట. అక్కడ చిక్కుకుని కూడా నన్ను ఆటపట్టిస్తున్నాడు, నీ అక్షరానికి మాట దొరికింది చూడు అంటున్నాడు అనుకున్నాను. ఆ నవ్వు నోట్లో ఉండగానే తట్టింది. ఆయన పలకలో ౠ లేదు. ఉన్నదాన్ని ఆ రోజు పొద్దున్నే తుడిచి పోయాడు. లేని అక్షరాన్ని ఎలా పంపుతాడు?

ఆయన పలకలో ఎనిమిదోది ఎ.

పాప ఎట్ల. అంకెల్లో ఒత్తు పంపే వీలు లేదు గానీ, పాప ఎట్లుంది అని అడుగుతున్నాడు.

అప్పుడు మిగిలినవి కూడా వాటంతటవే కదిలాయి. ఆయన లెక్కలో ఋ తర్వాత ప్రతిదీ ఒక గడి ముందుకు జరుగుతుంది. పన్నెండోది ఒ కాదు, ఓ. దీర్ఘం మింగలేదు, నా పేరు సరిగ్గానే పిలిచాడు. మొట్టమొదటి మాటలోనే నాకు చెప్పాడు, నేనే ఆయన తప్పనుకుని ముద్దు చేసుకున్నాను. తొమ్మిదోది ఎ కాదు, ఏ. 20.9 నె కాదు.

నే. గాలి నేల.

గనుల్లో పుట్టినవాళ్ళకు ఈ మాట విప్పి చెప్పక్కర్లేదు. బొగ్గు పొరల్లోంచి ఊరే చెడు గాలి తేలిక, కప్పుకు చేరి కిందికి దిగుతూ వస్తుంది. పీల్చే గాలి నేల మీద మిగులుతుంది. సీసాలు పగిలిపోయి ఉంటాయి. పదకొండు మందీ నేలకు మొహాలు ఆనించి పడుకుని ఉన్నారు. త్వరగా రండి అని ఆయన చెబితే, తొందర లేదు అని నేను ఊరికి చెప్పాను.

పోశం మామ దగ్గరికి ఎలా పోయానో తెలియదు. నెల కాదు మామా, నేల అన్నాను. ఆయనకు మొదట అర్థం కాలేదు. రెండు మాటలకూ తేడా ఏముంది, ఒక దీర్ఘమే కదా. మళ్ళీ అన్నాను. ఈసారి అర్థమైంది. నన్ను ఒక్క మాట అనలేదు. వెనక్కి తిరిగి, దగ్గరి దారికి పదండి అని మాత్రం అన్నాడు. చెయ్యి విరిగినతని తల్లి తన రెండో కొడుకును పంపింది.

నమోదు 419

తవ్వుతున్నారు. నాకు అక్కడ పని లేదు, పారతో అడ్డం పడుతున్నానని పంపేశారు. ఇక్కడా పని లేదు. వినడమే.

28.1 తర్వాత ఏమీ రాలేదు. ల తర్వాత ఇంకేం చెప్పాలనుకున్నాడో తెలియదు. పాప ఎట్ల అనేది పూర్తి మాటే. నాకు జవాబు తెలుసు. జ్వరం లేదు, అన్నం తింటోంది, గుణింతం క నుంచి మ దాకా వచ్చింది, రాత్రి నాన్న దుప్పటే కావాలని పేచీ పెట్టింది. ఇన్ని జవాబులున్నాయి, పంపడానికి దారి లేదు. చెవులున్నవాళ్ళకు నోరు కూడా ఇస్తే ఏమయ్యేదో.

ఒకటే ఆలోచన తిరుగుతోంది. ఆ రోజు పొద్దున ఆయన మాట విని ఆ అక్షరం వదిలేసి ఉంటే సరిగ్గా చదివేదాన్ని. ఆయన నా మాట విని దాన్ని ఉంచి ఉంటే సరిగ్గా పంపేవాడు. ఇద్దరిలో ఎవరు ఓడిపోయినా సరిపోయేది. నవ్వుకుని ఎవరి లెక్క వాళ్ళం పట్టుకుని పోయాం.

ఐదో సొరంగం యంత్రం ఇంకా బతికే ఉంది. ఉన్నానని తనంతట తాను ఒక పొట్లం పంపుతూ ఉంటుంది. యంత్రం ఉందని దానర్థం. మనుషుల సంగతి అందులో ఉండదు. అయినా అది వచ్చినప్పుడల్లా ఊపిరి పీలుస్తున్నాను.

కుర్చీ వదలడం లేదు. పాపను పక్కింటివాళ్ళు తీసుకుపోయారు.

నమోదు 420

దారి పడింది. ఎనిమిది మంది ఊపిరితో వచ్చారు. ముగ్గురు రాలేదు. ఐలమ్మ వచ్చింది. మా ఆయన రాలేదు.

ఐలమ్మ మాట వచ్చాక తనను నా దగ్గరికి తీసుకుపొమ్మందట. నడవలేకపోతుంటే ఇద్దరు పట్టుకొచ్చారు. నా కుర్చీ ఎదురుగా నేల మీదే కూర్చుంది, పైన కూర్చోమన్నా కూర్చోలేదు. ఆమె చెప్పింది ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను, ఇది చిట్టాలో ఉండాలి.

అందరూ నేలకు మొహం ఆనించి పడుకున్నారట. మోకాళ్ళ పైన గాలి లేదు. యంత్రం నిలువెత్తున ఉంది. ఆమె చెప్పినా, మిగతావాళ్ళు చెప్పినా వినకుండా ఈయన నేల మీద ఊపిరి గట్టిగా బిగబట్టుకుని, లేచి, ఒక్క పిలుపు నొక్కి, మళ్ళీ నేల మీద పడేవాడట. పడ్డాక చాలాసేపు దగ్గు. అది తగ్గాక మళ్ళీ లేచేవాడు. అక్షరానికి అక్షరానికి మధ్య నేను చూసిన ఎడం అది. కునుకు అని రాశాను నేను, ఈ చిట్టాలోనే పైన ఉంది, కొట్టేయను.

ఎవ్వరూ వినట్లేదేమో, ఎందుకురా లేస్తావు అని ఐలమ్మ అడిగిందట.

"ఇనుడే దాని కొలువు అక్కా. ఇంటది" అన్నాడట.

గాలి గురించి చెప్పడం అయిపోయాక ఇక లేవవద్దని అందరూ కాళ్ళు పట్టుకున్నారు. ఇంకొక్కటి అడుగుతా అన్నాడు. ఆ చివరి అక్షరానికి లేచినవాడు మళ్ళీ వచ్చి పడుకోలేదు, యంత్రం కిందే ఒరిగిపోయాడు. ఏ అక్షరం అని నేను ఐలమ్మను అడగలేదు. నా దగ్గర ఉంది. 28.1, యంత్రం మూడుసార్లు అరిచింది.

మొదటి రోజు పట్టిన దారినే ఆపకుండా తవ్వి ఉంటే ఆయన ఇంకా లేచి పడుకుంటున్నప్పుడే చేరేవాళ్ళం. ఈ మాట పోశం మామ అనలేదు, ఐలమ్మ అనలేదు, మిగతా ఇద్దరి ఇళ్ళవాళ్ళు కూడా అనలేదు. ఎవరన్నా అంటే బాగుండేది. అందరూ నా చేతులు పట్టుకుని ఊరుకుంటున్నారు.

నమోదు 421

ఐదో సొరంగం దారాలు రెండూ కలిపారు. ఇప్పుడు అటూ ఇటూ పోతుంది. యంత్రాన్ని కూర్చున్న ఎత్తుకు దించారు. తేమ యంత్రం మళ్ళీ వాగుతోంది. మిగతా తీగ మామూలే.

వంతు అయ్యాక ఇంటికి పోయాను. పాప పలక ముందు పెట్టుకుని అచ్చులు రాస్తోంది. ఊ దాకా రాసి, ఋ రాసి, పక్కన ఒక గడి ఖాళీగా వదిలింది. అక్కడ నాన్న తుడిచిన మరక ఇంకా ఉంది, ఆ గడి మీద మేమెవరం మళ్ళీ తడిబట్ట పెట్టలేదు.

"అమ్మా, ఇది ఉంచాల్నా, తీసెయ్యాల్నా?"

నాకు తెలియదని చెప్పాను. నిజంగానే తెలియదు. పాప వాళ్ళ నాన్న నిలబడినట్టే నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"దీనితోని ఒక్క మాట చెప్పు మరి."

చాక్‌పీసు అందుకుని ఆ ఖాళీ గడిలో ౠ రాశాను. మాట ఉందని చెప్పాను. ఏందమ్మా అంది.

"పాప ౠట్ల."

అట్ల మాట ఉండదని పాప నవ్వింది. ఉంటుంది, నాన్న పంపాడు అన్నాను. దానికి ఏం చెప్పాలని అడిగింది. బాగున్నా అని చెప్పాలి అన్నాను. పాప గోడ వైపు, తీగ పోయే వైపు తిరిగి, బాగున్నా అని చెప్పింది.